56కే మోడెమ్‌లో 4 కేబీయే వస్తోందా?

మోడెమ్ డబ్బా మీద '56కే' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. డయల్ చేస్తే కీచుమంటుంది, బుసకొడుతుంది, కనెక్టవుతుంది. తీరా డౌన్‌లోడ్ మొదలుపెడితే సెకనుకు 4 కేబీ, మహా అయితే 5 కేబీ. షాపువాడు అంటగట్టాడని తిట్టుకునేవాళ్లు బోలెడుమంది ఉండేవారు.

దేశంలోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ మొదలుపెట్టిన సర్వీసులో కనీస వేగమే 256 కేబీపీఎస్. కానీ మడకశిర, రొళ్ల, అగళి, అమరాపురం వైపు ఇంట్లో నెట్ అంటే చాలామందికి అప్పట్లో ఇంకా డయలప్పే. బెంగళూరు కంపెనీకి రెజ్యుమె పంపాలన్నా, జావా దించుకుని ఇంటర్వ్యూకు తయారవ్వాలన్నా ఆ సన్నని తీగే దిక్కుగా ఉండేది. అవతల ఫోన్ మీటరు తిరుగుతూనే ఉండేది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మీ డయలప్ వేగాన్ని మూడింతలు చేస్తామనే సాఫ్ట్‌వేర్లు అప్పట్లో నెట్‌లో చాలా కనిపించేవి. పెద్ద ఫైళ్ల విషయంలో అవేవీ ఆ పని చేయలేవు. గొట్టం సైజు మారదు. మన చేతిలో ఉన్నదల్లా ఆ గొట్టం ఇవ్వగలిగినంతా రాబట్టుకోవడం, అందులోకి పంపే సరుకు తగ్గించుకోవడం. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగాల దగ్గర దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే.

ముందు లెక్క చూద్దాం

56కే అంటే సెకనుకు 56,000 బిట్లు. డౌన్‌లోడ్ విండో చూపించేది బైట్లలో. 8తో భాగిస్తే 7,000 బైట్లు, అంటే 7 కేబీ. అదీ లైను అద్దంలా ఉంటే. మామూలు ఇళ్లలో మోడెమ్ 40 నుంచి 46 కేబీపీఎస్ మధ్య ఎక్కడో కుదురుకుంటుంది. అందులో కొంత ప్యాకెట్ల చిరునామాలకూ, తప్పులు సరిచూసుకోవడానికీ పోతుంది. చివరికి చేతికొచ్చేది నాలుగున్నర, ఐదు కేబీ. కాబట్టి మీకు 4.5 కేబీ వస్తుంటే మీ కనెక్షన్ బాగున్నట్టే! ఒక ఎంబీకి దాదాపు 4 నిమిషాలు. అప్పట్లో 50 ఎంబీ దాటిన జావా డెవలప్‌మెంట్ కిట్ కావాలంటే 3 గంటల పైమాటే. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 పూర్తి ఫైలు 266 ఎంబీ. దానికి దగ్గర దగ్గర 17 గంటలు. వస్తున్నది 2 కేబీయో 3 కేబీయో అయితేనే ఎక్కడో తేడా ఉందని అర్థం.

అసలు 56 అనే అంకె ఎక్కణ్నుంచి వచ్చింది? ఇది తెలుసుకుంటే నెట్‌వర్క్స్ వైవాలోనూ, ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది. టెలిఫోన్ లైను మనిషి గొంతు కోసం చేసింది. 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ వరకు, అంటే 3,100 హెర్ట్జ్ మాత్రమే దాటనిస్తుంది. ఇంత వెడల్పు, ఇంత రొద ఉన్న దారిలో గరిష్ఠంగా ఎన్ని బిట్లు పంపొచ్చో 1948లో క్లాడ్ షానన్ సూత్రం రాసిపెట్టాడు. సిగ్నల్ రొదకన్నా 35 డెసిబెల్స్ బలంగా ఉందనుకుని అందులో వేసి చూడండి. సుమారు 36,000 బిట్లు వస్తుంది. పాత మోడెమ్‌లు 33.6 కేబీపీఎస్ దగ్గర ఆగిపోయింది అందుకే.

మరి 56 ఎలా సాధ్యమైంది? ఎక్స్ఛేంజిలు డిజిటల్ అయ్యాయి కాబట్టి. మీ ఇంటి నుంచి ఎక్స్ఛేంజి దాకా మామూలు రాగి తీగే. అక్కడి నుంచి ఇంటర్నెట్ సర్వీస్ ఇచ్చేవాళ్ల దాకా అంతా డిజిటల్. సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కోదానిలో నమ్మదగిన 7 బిట్లు, మొత్తం 56,000. 1998లో వచ్చిన వీ.90 ప్రమాణం చేసింది ఇదే. అయితే ఈ లాభం అటునుంచి ఇటు వచ్చేదానికే. మీ ఇంటి నుంచి వెళ్లేది ఇంకా 33.6 లోపే. డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ మందగించడానికి కారణం ఇది. ఈ సంగతి గుర్తుంచుకోండి, రెజ్యుమె దగ్గర మళ్లీ పనిపడుతుంది.

దారి మధ్యలో ఎక్కడైనా సిగ్నల్ మరోసారి డిజిటల్ నుంచి అనలాగ్‌కి మారి వస్తే వీ.90 పనిచేయదు. మోడెమ్ నోరు మూసుకుని 33.6కో, అంతకన్నా కిందికో దిగిపోతుంది. సీ-డాట్ తయారుచేసిన పల్లెటూరి ఎక్స్ఛేంజి 1986లో మన పక్కనున్న కర్ణాటకలోని కిత్తూరులో మొదలై దేశమంతా పాకింది. అది డిజిటల్ ఎక్స్ఛేంజి కావడం మనలాంటి ఊళ్లకు కలిసొచ్చిన సంగతి. అప్పట్లో పల్లెల్లో తీగ లేకుండా ఇచ్చిన డబ్ల్యూఎల్ఎల్ ఫోన్ల కథ వేరు. గాల్లో పంపేందుకు అవి గొంతును కుదించేవి. ఆ కుదింపులో మోడెమ్ కీచులాట చితికిపోయేది. అలాంటి ఫోన్‌కి మామూలు మోడెమ్ తగిలించి వేగం రాలేదని బాధపడటం దండగ. ఆ ఫోన్‌కే నేరుగా కంప్యూటర్ కలిపే కేబుల్ ఉంటుందేమో అడగాల్సి ఉండేది.

లైను ఆరోగ్యం ఎలా ఉంది?

ఫోన్ ఎత్తండి. ఏదైనా ఒక అంకె నొక్కండి. డయల్ టోన్ ఆగిపోతుంది. ఇప్పుడు చెవి పెట్టి వినండి. నిశ్శబ్దంగా ఉండాలి. బరబర, చిటపట, సన్నగా పక్కింటివాళ్ల మాటలు వినిపిస్తే మీ 4.5 కేబీ అక్కడే కారిపోతోందన్నమాట. మోడెమ్‌కి ఒక ముక్క పాడై చేరితే దాన్ని మళ్లీ పంపమంటుంది. మీకు మాత్రం డౌన్‌లోడ్ బార్ కాసేపు ఆగి కదిలినట్టు కనిపిస్తుంది.

గోడ దగ్గర మొదలుపెట్టండి. టెలిఫోన్ వైరు ట్యూబ్‌లైట్ చోక్ పక్క నుంచో, కరెంటు వైరుతో కలిపి ఒకే పైపులోనో వెళ్తుంటే వేరుచేయండి. మధ్యలో మెలిపెట్టి టేప్ చుట్టిన అతుకులుంటే మంచి వైరు ఒకే ముక్కగా వేయించండి. చవక వైరు చేసే మేలు ఖరీదైన కొత్త మోడెమ్ చేయకపోవచ్చు. వంటింట్లో ఇంకో ప్యారలల్ ఫోన్ ఉందా? దాన్ని పీకేసి ఒకసారి చూడండి. డౌన్‌లోడ్ సగంలో ఉండగా అమ్మ పిన్నికి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాల్ వెయిటింగ్ పెట్టించుకుని ఉంటే ఆ 'టిక్' శబ్దం కూడా అంతపనీ చేస్తుంది. నెట్ వాడేటప్పుడు తీసేయించుకోండి.

ఇంట్లో అన్నీ సరిచేశాక కూడా రొద పోకపోతే 198కి ఫోన్ చేయండి. ఒక చిట్కా: 'నెట్ స్లోగా ఉంది' అనకండి. 'లైన్లో బరబర, మాట వినబడటం లేదు' అనండి. మొదటిది విని మోడెమ్ మార్చుకోమంటారు. రెండోది విన్న లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. జబ్బు ఒక్కటే, చెప్పే తీరులో తేడా.

మన వైపు వానలు తక్కువే. వచ్చిన రోజు మాత్రం ఉరుములు మెరుపులతో వస్తాయి. మబ్బు పట్టగానే కరెంటు ప్లగ్‌తో పాటు మోడెమ్ నుంచి ఫోన్ వైరు కూడా తీసేయండి. కరెంటు ప్లగ్ పీకి ఊరుకున్నవాళ్ల మోడెమ్‌లు ఫోన్ వైరు మీదుగా వచ్చిన పిడుగు దెబ్బకు మాడిపోతుంటాయి.

కంప్యూటర్లో చూడాల్సినవి

కొందరి కంప్యూటర్లో కింద మూల బొమ్మ మీద మౌస్ పెడితే 115.2 కేబీపీఎస్ అని చూపిస్తుంది. సంబరపడకండి. అది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం. లైను మీద వేగం కాదు. అసలు సంగతి మోడెమ్ ప్రాపర్టీస్‌లో డయాగ్నస్టిక్స్ కింద ఉండే లాగ్ తెరిస్తే తెలుస్తుంది. అయితే ఆ 115.2 అలాగే ఉండాలి. మాగ్జిమమ్ పోర్ట్ స్పీడ్ అక్కడ 38,400కో 57,600కో తగ్గించి ఉంటే పెంచండి. ఎందుకంటే మోడెమ్‌లు దారిలో సరుకును కుదించి పంపుకొంటాయి. మామూలు టెక్స్ట్ అయితే లైను మీద వచ్చింది ఒకటి, విప్పాక కంప్యూటర్‌కి ఇవ్వాల్సింది రెండు మూడింతలు. ఆ తలుపు ఇరుగ్గా ఉంటే లాభం పోతుంది. ఒక్కోసారి వెబ్ పేజీ 10 కేబీ వేగంతో వచ్చి, జిప్ ఫైలు మాత్రం 4.5 దగ్గర పాకడానికి కారణం కూడా ఇదే. జిప్‌ని ఇంకోసారి కుదించడం ఎవరివల్లా కాదు.

చవగ్గా దొరికిన ఇంటర్నల్ మోడెమ్‌లు చాలావాటిలో సగం పని కంప్యూటర్ ప్రాసెసరే చేయాల్సి వచ్చేది. పాత కంప్యూటర్లో ఒకపక్క వైరస్ స్కాన్ నడుస్తుంటే ఇంకోపక్క మోడెమ్ నత్తి కొడుతుంది. బయట పెట్టే సీరియల్ మోడెమ్ ఎక్కడైనా సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదలకండి.

ఇంకోటి వింతగా అనిపిస్తుంది. లైను ఊగిసలాడే ఇళ్లలో మోడెమ్ 46 దగ్గర కనెక్టయ్యి, రొద రాగానే మాటలాపి మళ్లీ మొదట్నుంచి బేరం మొదలుపెడుతుంది. గంటలో పదిసార్లు ఇలా జరిగితే పేరుకే 46. అలాంటి చోట వీ.90ని ఆపేసి, 33.6కి కట్టిపడేస్తే మొత్తంమీద ఫైలు ముందుగా పూర్తవుతుంది. దానికి ఇచ్చే కమాండు ఒక్కో చిప్‌కి ఒక్కోలా ఉంటుంది. మోడెమ్‌తో వచ్చిన పుస్తకంలో చూడండి.

డౌన్‌లోడ్ మేనేజర్ ఎందుకు?

ఫ్లాష్‌గెట్, గెట్‌రైట్ లాంటివి ఫైలుని పది ముక్కలు చేసి ఒకేసారి దించుతాయని, అందుకే వేగమని అందరూ అనుకునేవారు. డయలప్‌లో అది అపోహ. కాలేజీ ల్యాబ్‌లో పెద్ద లైను ఉండి, సర్వర్ దూరంగా ఉంటే ఒక కనెక్షన్ గొట్టాన్ని నింపలేదు. అప్పుడు పది కనెక్షన్లు అక్కరకొస్తాయి. మన గొట్టం సెకనుకు 5 కేబీదే. ఒక కనెక్షనే దాన్ని అంచుదాకా నింపేస్తుంది. పది పెడితే ఆ 5 కేబీనే పదిమంది పంచుకుంటారు, అంతే.

వీటి అసలు గొప్పతనం వేరే ఉంది. 40 ఎంబీ దిగాక కరెంటు పోయిందనుకోండి. అప్పటి బ్రౌజర్‌లో అయితే మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. డౌన్‌లోడ్ మేనేజర్ సర్వర్‌ని 'నాకు 40 ఎంబీ దాకా ఉంది, ఆ తర్వాతది ఇవ్వు' అని అడుగుతుంది. ఎఫ్‌టీపీలోనూ, హెచ్‌టీటీపీ 1.1లోనూ ఈ ఏర్పాటు ఉంది. అయితే సర్వర్ ఒప్పుకోవాలి. డౌన్‌లోడ్ మొదలవగానే రెజ్యూమ్ సపోర్ట్ ఉందో లేదో మేనేజర్ చెప్పేస్తుంది. లేదంటే అదే ఫైలు ఇంకో సైట్‌లో వెతకండి. లినక్స్ వాడేవాళ్లకు వీగెట్ ఉండనే ఉంది. మూడు రాత్రులు కూడబెట్టిన ఫైలుని ఇన్‌స్టాల్ చేసేముందు ఎండీ5 సరిచూసుకోవడం మరవకండి. సైట్‌లో ఇచ్చిన అంకె, మీ దగ్గర వచ్చిన అంకె ఒకటైతే ఫైలు క్షేమం.

ఫైలు దిగేటప్పుడు యాంటీవైరస్ అప్‌డేట్, మెసెంజర్, తెరిచి వదిలేసిన నాలుగు పేజీలు ఇవన్నీ ఆ 5 కేబీలోంచే తింటాయి. అన్నిటికన్నా చెడ్డది అదే సమయంలో మెయిల్ పంపడం. మీకు వచ్చిన ప్రతి ముక్కకీ 'అందింది' అని సర్వర్‌కి చిన్న కబురు వెళ్లాలి. మీ అటాచ్‌మెంట్ ఆ దారంతా ఆక్రమించి ఉంటే ఆ కబురు వెనకాల క్యూలో నిలబడుతుంది. కబురందక సర్వర్ ఆగిపోతుంది. డౌన్‌లోడ్ చచ్చిపోయినట్టు ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి చేసుకోండి.

రెజ్యుమె దగ్గర అసలు పరీక్ష

డౌన్‌లోడ్ తెగిపోతే మళ్లీ అందుకోవచ్చు. మెయిల్‌కి ఆ సౌకర్యం లేదు. అటాచ్‌మెంట్ 95 శాతం వెళ్లాక లైను తెగితే మొత్తం మళ్లీ మొదట్నుంచి పంపాల్సిందే. అప్పట్లో యాహూ, హాట్‌మెయిల్ పేజీలో అటాచ్ బటన్ నొక్కినా అంతే అయ్యేది. పైగా వెళ్లే దారి వచ్చే దారికన్నా ఇరుకు, సెకనుకు 3 కేబీ వస్తే గొప్ప. ఇంకో కనిపించని ఖర్చుంది. మెయిల్ వ్యవస్థ అక్షరాలు మోయడానికి పుట్టింది. బొమ్మలు, వర్డ్ ఫైళ్లు అందులో వెళ్లాలంటే ప్రతి 3 బైట్లనూ 4 అక్షరాలుగా మార్చాలి. అంటే మీ 300 కేబీ ఫైలు దారిలో 400 కేబీ దాటుతుంది.

ఇప్పుడు మనవాళ్లు చేసే పని చూడండి. మార్కుల జాబితా స్కాన్ చేయమని షాపులో ఇస్తారు. అతను 'క్వాలిటీగా ఉంటుంది సార్' అని 300 డీపీఐలో, రంగుల్లో, బీఎంపీగా సేవ్ చేసి ఇస్తాడు. ఏ4 కాగితం ఒక్కటి అలా చేస్తే 2,480 చుక్కలు వెడల్పు, 3,508 చుక్కలు ఎత్తు, ఒక్కో చుక్కకి 3 బైట్లు. మొత్తం 26 ఎంబీ! దానికి మెయిల్ కలిపే మూడో వంతు కలపండి, 3 కేబీతో భాగించండి. 3 గంటల పైనే పడుతుంది, అదీ ఒక్క కాగితానికి, మధ్యలో ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే. కష్టపడి పంపినా 10 ఎంబీ దాటిన మెయిల్‌ని అప్పట్లో చాలా మెయిల్‌బాక్సులు తిప్పి కొట్టేవి.

అదే కాగితం 150 డీపీఐలో, రంగు లేకుండా, జేపెగ్‌గా చేయించండి. 200 నుంచి 300 కేబీలో వస్తుంది. అక్షరం అక్షరం చదవొచ్చు, ప్రింట్ తీసినా బాగుంటుంది. పంపడానికి రెండు నిమిషాలు. స్కానింగ్ షాపులో నోరు తెరిచి '150, గ్రేస్కేల్, జేపెగ్' అని అడగండి. అప్పటికే బీఎంపీలు చేయించుకుని ఉంటే విండోస్‌లో ఉండే పెయింట్‌లో తెరిచి, సైజు సగానికి కుదించి, జేపెగ్‌గా సేవ్ చేస్తే సరిపోతుంది. జిప్ చేస్తే చాలదా అని అడుగుతారు. జేపెగ్‌ని, ఎంపీ3ని, పీడీఎఫ్‌ని జిప్ చేసినా పెద్దగా తగ్గదు. అప్పటి వర్డ్ ఫైలు మాత్రం బాగా తగ్గేది. కానీ రెజ్యుమెను జిప్‌లో పంపడం నాకు నచ్చదు. రోజుకి వందల మెయిళ్లు చూసే హెచ్ఆర్ మనిషి చేత ఇంకో క్లిక్ ఎందుకు చేయించాలి?

రెజ్యుమె లోపల కూడా చూడండి. రెండు పేజీల వర్డ్ ఫైలు 100 కేబీ దాటిందంటే మీ ఫొటోనే కారణం అయ్యుంటుంది. వర్డ్‌లో అంగుళానికి లాగి చిన్నది చేసినంత మాత్రాన ఫైలు చిన్నదవదు, లోపల పూర్తి బొమ్మ అలాగే ఉంటుంది. ముందు ఫొటోను 200 చుక్కల వెడల్పుకి తగ్గించి జేపెగ్ చేసి, ఆ తర్వాత పెట్టండి. అడగని సర్టిఫికెట్లు పంపకండి. అడిగితే ఒక్కో మెయిల్‌కి ఒకటో రెండో పెట్టి, సబ్జెక్ట్‌లో '1/3', '2/3' అని రాయండి. ఒకటి తెగినా మిగతావి వెళ్లి ఉంటాయి.

బస్సెక్కించడం మేలు

కొన్ని ఫైళ్లను మోడెమ్‌తో దించాలనుకోవడమే వృథా. బెంగళూరులో ఉన్న మీ స్నేహితుడు 700 ఎంబీ సీడీ రాసి మడకశిర బస్సెక్కాడనుకోండి. దారిలో 5 గంటలు పట్టిందనుకుందాం. లెక్కేస్తే సెకనుకు దాదాపు 40 కేబీ! మీ మోడెమ్‌కి తొమ్మిదింతలు. మధ్యలో సిరా దగ్గర టీ తాగడానికి గంట ఆగినా సరే. ఆండ్రూ టానెన్‌బామ్ రాసిన కంప్యూటర్ నెట్‌వర్క్స్ పుస్తకంలో కూడా టేపులు నింపిన బండి లెక్క ఇలాంటిదే ఉంటుంది. ఇంటర్వ్యూలో బ్యాండ్‌విడ్త్‌కీ లేటెన్సీకీ తేడా అడిగితే ఈ బస్సు లెక్క చెప్పండి. బ్యాండ్‌విడ్త్ బ్రహ్మాండం, మొదటి బైటు చేరడానికే 5 గంటలు.

ఉబుంటు లినక్స్ కావాలంటే అప్పట్లో డౌన్‌లోడ్ జోలికే పోవాల్సిన పని ఉండేది కాదు. 2011 దాకా షిప్‌ఇట్ అనే పేజీలో చిరునామా ఇస్తే సీడీలు పోస్టులో ఉచితంగా ఇంటికి పంపేవారు. కొన్ని వారాలు పట్టేది, అయినా ఫోన్ బిల్లు వచ్చేది కాదు. అప్పట్లో కంప్యూటర్ పత్రికలతో వచ్చిన సీడీల్లో జావా, యాంటీవైరస్ అప్‌డేట్లు, సర్వీస్ ప్యాక్‌లు చాలాసార్లు ఉండేవి. కొనే ముందు వెనకాల జాబితా చదివితే సరిపోయేది. ఇక నెట్‌లోంచే దించాల్సినవి రాత్రికి పెట్టుకోండి. లైన్లు ఖాళీగా ఉంటాయి. రాత్రి పల్స్ రేటు కనెక్షన్‌కి ఎలా ఉందో అప్పట్లో ఎక్స్ఛేంజిలో అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది.

రెజ్యుమె మాత్రం ఆఖరు రోజు రాత్రికి అట్టిపెట్టకండి. రెండు రోజుల ముందు, పొద్దున్నే పంపండి. పంపాక డిస్కనెక్ట్ అయ్యే తొందరలో ఉండొద్దు. మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లయితే ఆ మెయిల్ అవుట్‌బాక్స్‌లోంచి సెంట్ ఐటమ్స్‌లోకి వెళ్లిందో లేదో చూడండి. ఇంకా అవుట్‌బాక్స్‌లోనే ఉంటే అది మీ ఇంట్లోనే ఉంది. అరగంట తర్వాత మళ్లీ ఒకసారి కనెక్టయ్యి, తిరిగొచ్చిన మెయిల్ ఏదైనా ఉందేమో ఇన్‌బాక్స్ చూసుకోండి.